సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటున్నారా? ఎక్సెస్ గురించి నెల్లూరు, ఒంగోలు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లికో, తిరుమలకో, నలుగురు ఫ్రెండ్స్ కలిసి శ్రీశైలానికో కారు కావాలంటే మనవాళ్లు ముందు అడిగేది రోజుకు ఎంత, కిలోమీటర్ల లిమిట్ ఎంత అని. బండి దేనికైనా తగిలితే నేనెంత కట్టాలి అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. గొడవలన్నీ వచ్చేది అక్కడే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎక్సెస్ అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పండి.

బండికి దెబ్బ తగిలితే ఆ రిపేరు ఖర్చులో మీరు కట్టాల్సిన గరిష్ఠ వాటా. అగ్రిమెంట్‌లో ఎక్సెస్ 20,000 అని ఉందనుకోండి. రిపేరు 12,000 అయితే ఆ 12,000 మొత్తం మీదే. 70,000 అయితే 20,000 మీది, మిగతాది వాళ్లు చూసుకుంటారు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, అంటే 20,000 వరకు వాళ్లు చూసుకుంటారు, ఆపైన అయితేనే మనం కట్టాలి అనుకుంటారు. కాదు. చిన్న దెబ్బలకు మొత్తం బిల్లు మీ మీదే పడుతుంది. ఇంకొకటి, చాలా అగ్రిమెంట్లలో ఈ లెక్క ఒక్కో ఘటనకు విడివిడిగా ఉంటుంది. ఉదయం కావలిలో వెనక బంపరు, సాయంత్రం సింగరాయకొండలో ముందు తలుపు పోతే రెండుసార్లు కట్టమంటారు.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉందన్నా, టెన్షన్ లేదు" అన్నాడు ఓనర్. నమ్మొచ్చా?

ఆ మాటకు అర్థం ఆయన కారుకు ఆయన తీసుకున్న పాలసీ ఉంది అని మాత్రమే. పాలసీ ఆయనది, క్లెయిమ్ వేసేది ఆయన, డబ్బులు వచ్చేది కూడా ఆయనకే. మీకూ ఆయనకూ మధ్య ఉన్నది అద్దె అగ్రిమెంటు ఒక్కటే, మీరెంత కట్టాలో తేల్చేది అదే. అగ్రిమెంటే లేకుండా ఆధార్ జిరాక్స్ తీసుకుని తాళాలు చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు, అక్కడైతే మీ వాటాకు హద్దే రాసి లేదు కాబట్టి వాళ్లు ఎంతంటే అంత.

పాలసీ కాపీ వాట్సాప్‌లో పంపమని అడగండి, మొహమాటం వద్దు. అందులో థర్డ్ పార్టీ మాత్రమే ఉందా, బండి సొంత డ్యామేజ్ కూడా కవర్ అవుతుందా చూడండి. థర్డ్ పార్టీ పాలసీ అంటే మీరు గుద్దిన అవతలివాళ్లకు ఇచ్చే నష్టపరిహారం కోసం, అది లేకుండా రోడ్డెక్కడమే నేరం. మీరు నడిపే కారు బంపరుకు అందులోంచి ఒక్క రూపాయి రాదు.

పాలసీలో కంపల్సరీ డిడక్టిబుల్ 1000 రూపాయలే ఉంది. నన్ను మాత్రం 20,000 అడుగుతున్నారు. ఇది మోసం కాదా?

ఈ ప్రశ్న అడగడం న్యాయమే, కానీ జవాబు అంత తేలికగా లేదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

సొంత కార్ల పాలసీలో 1500 సీసీ వరకు 1000 రూపాయలు, ఆపైన 2000 రూపాయలు కంపల్సరీ డిడక్టిబుల్ ఉంటుంది, అంత మొత్తం ఏ క్లెయిమ్‌లోనైనా యజమాని భరించాలి. కానీ ఆయన జేబుకు పడే చిల్లు అంతటితో ఆగదు. జీరో డెప్రిసియేషన్ యాడ్-ఆన్ (భాగాల అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే అదనపు కవర్) తీసుకోకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద ఇన్సూరెన్స్ కంపెనీ సగమే ఇస్తుంది. ఇప్పటి కార్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే కదా. 14,000 బంపరుకు 7,000 వస్తే మిగతా 7,000 ఆయనదే. తర్వాత నో క్లెయిమ్ బోనస్. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నెట్టుకొస్తే సొంత డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది, ఒక్క క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాదికి ఆ తగ్గింపు సున్నా. దీనికి తోడు బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు అద్దె రాదు. రోజుకు 2000 వచ్చే బండి ఐదు రోజులు టింకరింగ్, పెయింటింగ్‌కు పోతే 10,000 పోయినట్టే.

అందుకే చిన్న దెబ్బలకు ఓనర్లు అసలు క్లెయిమే వేయరు, నేరుగా మీ దగ్గరే వసూలు చేస్తారు. అగ్రిమెంట్‌లో ముందే రాసి, మీరు సంతకం పెట్టి ఉంటే అది మోసం కాదు. రాయకుండా తర్వాత నోటికొచ్చిన అంకె చెప్పడం మాత్రం తప్పే. ఏ పరిస్థితిలోనైనా షెడ్డు బిల్లు అడిగి తీసుకోండి. అంచనా వేరు, బిల్లు వేరు. 18,000 అని ఫోన్‌లో చెప్పిన పని 9,000కు అయిపోవచ్చు.

వైట్ బోర్డు కారు అద్దెకు ఇస్తున్నారు, తక్కువకే వస్తోంది. తీసుకోవచ్చా?

నా మాట అడిగితే వద్దు. మన రెండు జిల్లాల్లో ఎక్సెస్ కంటే ముందు చూడాల్సింది నంబరు ప్లేటు రంగే.

తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకం బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవర్‌తో తిరిగే ట్యాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు రిజిస్టర్ చేసిన బండి. సొంత కారు పాలసీలో కిరాయికి వాడకూడదని షరతు స్పష్టంగా ఉంటుంది. అద్దెకు ఇచ్చినట్టు తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత డ్యామేజ్ క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు. అప్పుడు 20,000 ఎక్సెస్ అన్న మాటకు విలువేముంది? మూడు లక్షల రిపేరైనా కంపెనీ నుంచి పైసా రాదు కాబట్టి ఓనరు మొత్తం మీ మీదకే వస్తాడు. మనిషికి ఏదైనా అయితే ఇంకా కష్టం. బాధితులకు పరిహారం ఇవ్వమని కోర్టు చెబితే, ఇన్సూరెన్స్ కంపెనీ ముందు కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునేలా తీర్పులు వస్తుంటాయి, స్టీరింగ్ పట్టుకున్న మీరు కూడా ఆ కేసులో ఉంటారు.

"ఎవరైనా అడిగితే మా బావమరిది కారు అని చెప్పండి" అని ఓనర్ మీకు నేర్పిస్తున్నాడంటే ఆ బండి దగ్గర్నుంచి వచ్చేయండి. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ ముందు అబద్ధం చెప్పి ఇరుక్కోవాల్సిన అవసరం మీకు లేదు.

డిపాజిట్ 10,000 కట్టాను. అంటే నా ఎక్సెస్ 10,000 అనేనా?

కాదు, రెండూ వేరు. డిపాజిట్ అనేది వాళ్ల దగ్గర ముందుగా పెట్టుకునే డబ్బు మాత్రమే. ఎక్సెస్ 25,000 ఉండి డిపాజిట్ 10,000 ఉంటే మిగతా 15,000 తర్వాత అడుగుతారు. కొందరు డబ్బుకు బదులు బైకు, దాని ఆర్‌సీ పెట్టుకుంటారు. వీలైనంత వరకు అలా ఇవ్వకండి, గొడవ తేలేవరకు బైకు వాళ్ల గేటు లోపలే ఉండిపోతుంది. యూపీఐలో కట్టి, నోట్‌లో "రీఫండబుల్ డిపాజిట్" అని రాయండి.

అదనంగా రోజుకు కొంత కడితే "జీరో ఎక్సెస్" అంటున్నారు. తీసుకోవాలా?

పెద్ద కంపెనీల యాప్‌లలో ఇది కనిపిస్తుంది. డ్యామేజ్ ప్రొటెక్షన్ అనో, ఇంకేదో పేరుతోనో ఉంటుంది. నిజానికి ఇది చాలాసార్లు ఇన్సూరెన్స్ పాలసీ కాదు, మీ దగ్గర అంతకు మించి వసూలు చేయం అని అద్దె కంపెనీ ఇచ్చే హామీ. దాని షరతులు తప్పితే హామీ మొత్తం పోతుంది. కొత్త డ్రైవర్ అయినా, ఘాట్ రోడ్డు ఉన్నా, దోర్నాల నుంచి శ్రీశైలం వైపు వెళ్లే మలుపుల్లాంటి చోట్లకు పోతున్నా తీసుకోవడమే మంచిదంటాను. నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద పగలు వెళ్లి పగలే వచ్చే అనుభవం ఉన్న డ్రైవర్‌కు అంత అవసరం ఉండకపోవచ్చు, ఎక్సెస్ మొత్తం ఒక్కసారిగా కట్టాల్సి వస్తే ఇల్లు తలకిందులు అవుతుందా లేదా అన్నదే చూసుకోండి. అవుతుంది అనిపిస్తే తీసుకోండి.

జీరో ఎక్సెస్ తీసుకున్నాక కూడా టైరు డబ్బులు అడిగారు. ఎందుకు?

టైర్లు, రిమ్ములు, అద్దాలు, బండి అడుగుభాగం, పైకప్పు, తాళంచెవి పోవడం, డీజిల్ బండిలో పెట్రోల్ పోయించడం. వీటిని చాలా కవర్లు పక్కన పెడతాయి. మామూలు కారు పాలసీలో కూడా టైరు ఒక్కటే పాడైతే క్లెయిమ్ రాదు, అదే ప్రమాదంలో బండికి కూడా దెబ్బ తగిలితేనే ఇస్తారు, అదీ సగం. పొదిలి, కనిగిరి వైపు లోపలి ఊళ్లకు పోయేటప్పుడు గుంతల్లో రిమ్ము వంగడం, రాయి తగిలి కింద ఛాంబర్ (ఇంజిన్ ఆయిల్ ఉండే తొట్టి) పగలడం మామూలే కాబట్టి మన దగ్గర ఈ మినహాయింపులే అసలు సమస్య. ఛాంబర్ పగిలి ఆయిల్ కారిపోతున్నా అలాగే నడిపితే ఇంజిన్ సీజ్ అవుతుంది, ఆ ఇంజిన్ బిల్లును ఎవరూ కవర్ చేయరు. డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే అక్కడే ఆపండి.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లో ఇసుక మీదకు తీసుకెళ్లొచ్చా?

వద్దు. రోడ్డు కాని చోట నడపకూడదని దాదాపు అన్ని అగ్రిమెంట్లలోనూ ఉంటుంది. ఇరుక్కుంటే ట్రాక్టర్‌తో లాగించిన ఖర్చు, లాగేటప్పుడు ఊడిన బంపరు, ఉప్పునీళ్ల తుప్పు అన్నీ మీవే. రోడ్డు మీదే పెట్టి నడిచి వెళ్లండి.

వానల్లో బండి నీళ్లలో ఆగిపోయింది. ఎక్సెస్ కడితే సరిపోతుందా?

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర హైవే మీద రాకపోకలే ఆగిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. కాబట్టి ఇది మన ఊరి ప్రశ్నే.

వరద వల్ల బండికి జరిగే నష్టాన్ని సొంత డ్యామేజ్ పాలసీ కవర్ చేస్తుంది. కానీ నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నిస్తే నీళ్లు సిలిండర్లలోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే ఆ ఇంజిన్ నష్టాన్ని కంపెనీ సాధారణంగా ఇవ్వదు, అద్దె కంపెనీ కూడా నిర్లక్ష్యం కింద రాసి మొత్తం బిల్లు మీకు పంపుతుంది. అందుకని ఆగితే తాళం తిప్పకండి, బటన్ నొక్కకండి. దిగి, తోయించి, గట్టున పెట్టించి ఓనర్‌కు ఫోన్ చేయండి. ఎదురుగా సప్టా మీద నీళ్లు పారుతుంటే, ముందు లారీ పోయింది కదా అని మీరు దిగకండి.

బుకింగ్ నా పేరు మీద ఉంది. మా తమ్ముడు నడపొచ్చా?

అగ్రిమెంట్‌లో తమ్ముడి పేరు, లైసెన్సు నంబరు ఉంటే నడపొచ్చు. లేకపోతే ఎక్సెస్ హద్దు పోతుంది. తాగి నడిపితే, లైసెన్సు లేకుండా నడిపితే ఏ కవరూ ఉండదు, అది జీరో ఎక్సెస్ అయినా సరే. ఎల్ఎల్ఆర్ ఉన్న కుర్రాడికి "ఒక్క రౌండ్ వేసుకో" అని ఇవ్వకండి.

ముందే ఉన్న గీతకు నన్ను డబ్బులు అడిగితే?

తాళం తీసుకునేటప్పుడు వీడియో తీయండి. చుట్టూ ఒక రౌండ్, నాలుగు చక్రాలు, అద్దం, పైకప్పు, లోపల సీట్లు, డాష్‌బోర్డు మీద కిలోమీటర్లు, ఫ్యూయెల్ ముల్లు, స్టెప్నీ. అక్కడే ఓనర్ వాట్సాప్‌కు పంపేయండి, అప్పుడు తేదీ, టైము వాటంతట అవే రికార్డు అవుతాయి. రాత్రిపూట బండి ఇస్తే ఫోన్ లైటు వేసి తీయండి. తెల్లవారుజామున వెళ్లాలని రాత్రే చీకట్లో బండి తెచ్చుకునేవాళ్లకే ఈ గొడవ ఎక్కువ వస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అదే వీడియో మళ్లీ తీసి, "బండి బాగానే ఉంది" అని ఒక్క మెసేజ్ పెట్టించుకోండి.

రొట్టెల పండగకు వెళ్లి బారాషహీద్ దర్గా దగ్గర పార్క్ చేశాం. వచ్చేసరికి ఎవరో గీసేసి పోయారు. నా తప్పు లేదు కదా?

మీ తప్పు లేదు, అయినా కట్టాల్సింది మీరే. ఎక్సెస్‌కు తప్పు ఎవరిదన్న దానితో సంబంధం లేదు, బండి మీ చేతిలో ఉండగా జరిగిందా లేదా అన్నదే చూస్తారు. గుద్దినవాళ్లు దొరికి, వాళ్ల ఇన్సూరెన్స్ నుంచి నష్టం వస్తే మీ డబ్బు తిరిగి వచ్చే దారి ఉంటుంది కాబట్టి నంబరు ఫొటో తీయగలిగితే తీయండి.

గొర్రెల మందకు తగిలితే?

మన పల్లె రోడ్ల మీద ఇది జరిగేదే. బండికి అయిన దెబ్బ ఎక్సెస్ లెక్కలోకి వస్తుంది. కాపరికి జరిగిన నష్టం వేరే లెక్క, అది థర్డ్ పార్టీ కిందకు వస్తుంది, మీ జీరో ఎక్సెస్‌కు దాంతో సంబంధం లేదు. అక్కడికక్కడే డబ్బిచ్చి పరిష్కరించుకున్నా ఓనర్‌కు మాత్రం వెంటనే చెప్పండి, ఫొటోలు ఉంచండి.

యాక్సిడెంట్ అయితే ముందు ఏం చేయాలి?

మనుషులు ముందు. దెబ్బలు తగిలితే 108, పోలీసులకు 112, హైవే మీదైతే 1033. తర్వాత బండి ఉన్న చోటనే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి, అవతలి బండి నంబరుతో సహా. ఆ వెంటనే ఓనర్‌కు ఫోన్ చేసి, దాంతో పాటు రాతపూర్వకంగా మెసేజ్ కూడా పెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఆలస్యంగా చెబితే క్లెయిమ్‌కు ఇబ్బంది, సర్వేయర్ చూడకముందే రిపేరు మొదలుపెడితే ఇంకా ఇబ్బంది. "మా ఊళ్లో తెలిసిన షెడ్డు ఉంది, రేపటికి కొత్తదానిలా చేసిస్తాడు" అని ఎవరైనా అంటే వినకండి, రంగు షేడ్ తేడా వస్తే ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ మీతోనే వేయిస్తారు.

చెన్నై వెళ్లాలి. ఎక్సెస్ అక్కడ కూడా పనిచేస్తుందా?

పాలసీ దేశమంతా చెల్లుతుంది. అగ్రిమెంట్ మాత్రం రాష్ట్రం దాటకూడదు అనొచ్చు. దాటితే మీ ఎక్సెస్ హద్దు పోయే ప్రమాదం ఉంది, పైగా అద్దె బండికి అవతలి రాష్ట్రంలో పర్మిట్, ట్యాక్సు అడగొచ్చు. నెల్లూరు వాళ్లకు చెన్నై పక్క ఊరు లాంటిది, అందుకే ఈ లైను చూడకుండానే తడ దాటేస్తారు. బుకింగ్‌లోనే చెన్నై అని రాయించండి.

అబ్బాయి లండన్‌లో ఉన్నాడు, మేం వెళ్లినప్పుడు కారు తీసుకుందాం అంటున్నాడు. అక్కడ ఎక్సెస్ ఎలా ఉంటుంది?

బ్రిటన్, యూరప్‌లలో అద్దెలోనే థర్డ్ పార్టీ కవర్, కొలిజన్ డ్యామేజ్ వేవర్ (కారుకు దెబ్బ తగిలితే ఒక హద్దు దాటి మీ దగ్గర వసూలు చేయం అన్న హామీ) సాధారణంగా కలిసే ఉంటాయి. ఆ వేవర్‌కు ఎక్సెస్ మాత్రం పెద్దది, చాలా చోట్ల 1000 నుంచి 2000 పౌండ్లు లేదా యూరోలు. కౌంటర్ దగ్గర "దీన్ని సున్నా చేస్తాం, రోజుకు ఇంత" అని గట్టిగా అమ్ముతారు. అదే రక్షణ బయట వేరే ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర, కారు అద్దె ఎక్సెస్ ఇన్సూరెన్స్ పేరుతో, తరచుగా చాలా తక్కువకు దొరుకుతుంది.

కానీ రెండూ పనిచేసే తీరు వేరు. కౌంటర్‌లో కొన్నది అయితే దెబ్బ తగిలినా మీ దగ్గర తీసుకోరు. బయట కొన్నది అయితే అద్దె కంపెనీ ముందు మీ కార్డు నుంచి మొత్తం తీసుకుంటుంది, తర్వాత మీరు అగ్రిమెంటు, డ్యామేజ్ రిపోర్టు, బిల్లు, కార్డు స్టేట్‌మెంటు పంపి ఆ పాలసీ నుంచి తిరిగి తెచ్చుకోవాలి. అంటే కార్డులో అంత లిమిట్ ఉండాలి. డిపాజిట్ బ్లాక్ చేయడానికి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ఫారెక్స్ కార్డును చాలా చోట్ల ఒప్పుకోరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ బయటి పాలసీల్లో చాలావాటికి కొనేవాళ్లు ఆ దేశంలోనో, యూరప్‌లోనో నివసించాలన్న షరతు ఉంటుంది. నెల్లూరు నుంచి విజిట్‌కు వెళ్లిన నాన్నగారి పేరు మీద కొంటే క్లెయిమ్ అప్పుడు తిరస్కరించవచ్చు. అక్కడే ఉంటున్న అబ్బాయి తన పేరు మీద కారు, తన పేరు మీద పాలసీ తీసుకుని, తనే నడపడం అన్నిటికంటే మేలు. ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో అద్దె కారు ఎక్సెస్ కొన్ని ప్లాన్లలోనే ఉంటుంది, ఉంటుందిలే అనుకోకుండా చదివి చూడండి.

అమెరికాలో కూడా ఇంతేనా?

అక్కడ లెక్క వేరు. డ్యామేజ్ వేవర్ అద్దెలో కలిపి ఉండకపోవచ్చు, తీసుకోకపోతే కారు మొత్తం విలువకు మీరే బాధ్యులు. వేవర్ తీసుకుంటే సాధారణంగా ఎక్సెస్ ఉండదు. కానీ అవతలి మనిషికి, బండికి జరిగే నష్టానికి లయబిలిటీ కవర్ విడిగా చూసుకోవాలి, అక్కడి ఆసుపత్రి ఖర్చుల ముందు కారు రిపేరు ఏ మూలకూ రాదు. అక్కడ ఉండేవాళ్లకు సొంత కారు పాలసీయో, క్రెడిట్ కార్డు కవరో అండగా ఉంటుంది. చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలకు అవేవీ ఉండవు.

బండి ఇచ్చేశాక పది రోజులకు ఫోన్ చేసి డబ్బులు అడుగుతున్నారు. ఏం చేయాలి?

ఫోన్‌లో ఒప్పుకోవద్దు, తిట్టుకోవద్దు. నాలుగు అడగండి: డ్యామేజ్ ఫొటో తేదీతో, షెడ్డు జీఎస్టీ బిల్లు, క్లెయిమ్ వేశారా లేదా, అగ్రిమెంట్‌లో ఏ షరతు కింద అడుగుతున్నారు. అన్నీ మెసేజ్‌లోనే అడగండి. మీ రిటర్న్ వీడియోలో ఆ దెబ్బ లేకపోతే ఆ వీడియో పంపి, కట్టనని మర్యాదగా రాయండి. డిపాజిట్ ఆపేస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు, తేలకపోతే నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, లాయర్ లేకుండా మీరే కేసు వేసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి మాత్రం పోలేరు, పాలసీ మీ పేరు మీద లేదు కాబట్టి. దెబ్బ నిజంగా మీ చేతిలోనే తగిలి ఉంటే బిల్లు చూసి, ఎక్సెస్ హద్దు దాటకుండా కట్టేసి, "ఇక బాకీ ఏమీ లేదు" అని రాయించుకోండి.